ముక్కోణాల్లో బంగాళాఖాతం

తుపాను రోజుల్లో టీవీ తెర మీద గిర్రున తిరిగే ఎర్రటి సుడి బొమ్మను చూస్తే ఉప్పెన లెక్క కట్టేవాళ్ల నేర్పు తెలియదు. ఆ బొమ్మ వెనక దాగిన వలను చూడాలి. బంగాళాఖాతం మొత్తాన్నీ ముక్కోణాలుగా కోసుకున్న పటం అది. నడిసముద్రంలో ఒక్కో ముక్కోణం రెండు మూడు మండలాలంత ఉంటుంది. ఒడ్డు దగ్గరపడేకొద్దీ అవి చిక్కి చిన్నవై, నదీముఖాల దగ్గర కొన్ని వందల మీటర్లకు దిగిపోతాయి. నిజాంపట్నం దగ్గర తీరం లోపలికి తిరిగే వంపు, నాగాయలంక దిగువన కృష్ణ పాయలు, హంసలదీవి మూల, అన్నీ ఆ ముక్కోణాల అంచుల్లో ఒదగాలి. రంగులు తీసేసి ఉత్త గీతలతో ఉన్న ఈ పటమంటే నాకు ఇష్టం. అందులో ఇంకా గాలి లేదు, అల లేదు, ఒక్క అంకె పడలేదు. అయినా సముద్రం ఎక్కడ నెమ్మదిగా ఉంటుందో, ఎక్కడ మొండికేస్తుందో గీసినవాళ్లకు తెలుసని ఆ గీతల చిక్కదనమే చెబుతుంది.

లోతు తక్కువ నీటి కదలికను చెప్పే సమీకరణాలు కొత్తవేమీ కావు. ఫ్రాన్సులో సాఁ వెనాఁ వాటిని రాసింది 1871లో. నీరు పోగుపడితే మట్టం పెరుగుతుంది, మట్టాల్లో తేడా ఉంటే నీరు కదులుతుంది, పైన గాలి తోస్తుంది, అడుగున నేల పట్టి లాగుతుంది, భూభ్రమణం పక్కకు తిప్పుతుంది. విషయం ఇంతే. దీన్ని నడిసముద్రం నుంచి ఒడ్డు దాకా, ఒడ్డు దాటి వరిచేల దాకా చెడకుండా మోసుకురావడంలోనే పనితనమంతా ఉంది.

ముందు ఉప్పెన ఎందుకు వస్తుందో ఒక ముతక లెక్క చూద్దాం. తుపాను కేంద్రంలో వాయుపీడనం తగ్గుతుంది కాబట్టి అక్కడ నీరు కాస్త ఉబ్బుతుంది. ఒక మిల్లీబారు తగ్గితే సుమారు ఒక సెంటీమీటరు. అరవై మిల్లీబార్లు పడిపోయిన తీవ్ర తుపానులోనైనా ఆ ఉబ్బు అరవై సెంటీమీటర్లే. ఊళ్లను ముంచేది అది కాదు, గాలి. సెకనుకు 50 మీటర్ల గాలి, అంటే గంటకు 180 కిలోమీటర్లది, యాభై కిలోమీటర్ల మేర నిలకడగా ఒడ్డు వైపు వీచిందనుకోండి. అక్కడ సముద్రం వెయ్యి మీటర్ల లోతుంటే ఒడ్డున మట్టం నాలుగు సెంటీమీటర్లు పెరుగుతుంది. వంద మీటర్ల లోతైతే దాదాపు నలభై సెంటీమీటర్లు. పది మీటర్లే అయితే మూడున్నర మీటర్ల పైమాట. లోతున్న చోట గాలి తోసిన నీళ్లు అడుగు నుంచి వెనక్కి మళ్లిపోతాయి. లోతు లేని చోట మళ్లడానికి దారి ఉండదు, పేరుకుంటాయి. పటంలో నడిసముద్రాన్ని పెద్ద పెద్ద ముక్కోణాలకు వదిలేసి, చివరి పాతిక ముప్పై కిలోమీటర్ల మీద అంత శ్రద్ధ పెట్టడానికి కారణం ఇదే. జాలరి చేపను బట్టి వల కన్ను ఎంచుకున్నట్టు, ఇక్కడ లోతును బట్టి ఎంచుకుంటారు.

మన తీరంలోనే దీనికి రెండు సాక్ష్యాలున్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం మీదుగానే తీరం దాటింది. గాలి గంటకు 180 కిలోమీటర్ల దరిదాపుల్లో వీచింది. విశాఖలో ఒడ్డు నుంచి కొద్ది దూరానికే సముద్రం లోతెక్కుతుంది. అక్కడి నీటిమట్టపు కొలమానం నమోదు చేసిన ఉప్పెన 1.4 మీటర్లు. ఊరు ఊరంతా చెట్లు కూలాయి గానీ, సముద్రం నగరంలోకి రాలేదు. 1977 నవంబరు 19న వచ్చిన తుపాను కథ వేరు. తీరం చదునుగా, నీరు లోతు తక్కువగా ఉన్న దివిసీమ మీదకు సుమారు ఐదు మీటర్ల నీటిగోడ వచ్చింది. పది కిలోమీటర్లకు పైగా లోపలికి చొచ్చుకుపోయింది. ఎన్నో వేల మంది పోయారు.

1977 తుపానులో ఉప్పెన లెక్క కట్టేవాళ్లు మరిచిపోలేని సంగతి ఇంకొకటుంది. తుపాను కన్ను తీరం దాటింది చీరాల దగ్గర. నీళ్లు ముంచింది అక్కడికి ఈశాన్యంగా అరవై డెబ్బై కిలోమీటర్ల అవతలనున్న దివిని. ఉత్తరార్ధగోళంలో తుపాను గాలి అపసవ్యంగా తిరుగుతుంది కాబట్టి, తీరం వైపు ముఖం పెట్టి నడిచే తుపానుకు కుడిపక్క గాలి సముద్రాన్ని ఒడ్డు మీదకు తోస్తుంది, ఎడమపక్క గాలి ఒడ్డు నుంచి సముద్రంలోకి నెడుతుంది. గాలి అత్యంత బలంగా ఉండేది కంట్లో కాదు, కన్ను చుట్టూ కొంత దూరంలో ఉన్న వలయంలో. అందువల్ల ‘తుపాను ఎక్కడ తీరం దాటుతుంది’ అన్న ప్రశ్నకు సరైన జవాబు చెప్పినా, ‘నీళ్లు ఎక్కడికి వస్తాయి’ అన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది. ఆ రెండో ప్రశ్నకోసమే ఈ వల.

నీటిమట్టాన్ని గళ్లమీద అంకెలతో లెక్కగట్టిన తొలివాళ్లలో ఒకరు హాంబర్గుకు చెందిన వాల్టర్ హాన్సెన్. 1953 జనవరి చివరి రాత్రి ఉత్తర సముద్రం నెదర్లాండ్స్‌ను ముంచిన ఉప్పెనను ఆయన 1956లో కంప్యూటరు లెక్కతో తిరిగి కట్టి చూపాడు. తూర్పు పాకిస్తాన్‌లో లక్షల మందిని బలిగొన్న 1970 నవంబరు ఉప్పెన తరవాత, 1972లో పి.కె. దాస్ బంగాళాఖాతానికి ఒక అంచనా నమూనాను నేచర్ పత్రికలో ప్రచురించారు. దివిసీమ ఉప్పెన మీద వివరమైన తొలి లెక్కల్లో ఒకటి 1981లో వచ్చింది. ఇంగ్లండుకు చెందిన బ్రయన్ జాన్స్, ఢిల్లీ ఐఐటీకి చెందిన ఎస్.కె. దూబే, యు.సి. మొహంతి, పి.సి. సిన్హా కలిసి చేశారు. మూడేళ్ల తరవాత ఈ శాస్త్రానికి ఏళ్ల తరబడి ఆధారగ్రంథంగా నిలిచిన ఉప్పెనల పుస్తకాన్ని కెనడా నుంచి వెలువరించింది మన తెలుగువాడే, టి.ఎస్. మూర్తి. ఆయన పేరు సముద్రశాస్త్రం చదివినవాళ్లకు బయట మన దగ్గర పెద్దగా వినపడకపోవడం నాకు వింతగానే అనిపిస్తుంది.

ఆ 1981 పనిలో ఒక నేర్పు ఉంది, దాని దగ్గర కాసేపు ఆగాలి. చతురస్రపు గళ్లతో సముద్రాన్ని కోస్తే తీరం మెట్లు మెట్లుగా తయారవుతుంది. నిజంగా ఏటవాలుగా సాగే ఒడ్డు, లెక్కలో నిలువు, అడ్డం, నిలువు, అడ్డంగా విరిగిపోతుంది. ఒడ్డు వెంట జారిపోవాల్సిన నీరు ఆ మెట్ల మూలల్లో కొట్టుకుని అబద్ధపు ఎత్తులు చూపిస్తుంది. జాన్స్, దూబే బృందం గళ్లను చతురస్రంగా ఉంచకుండా బంగాళాఖాతం పడమటి ఒడ్డుకూ తూర్పు ఒడ్డుకూ మధ్య సాగదీసి వంచారు. గీతలే తీరంతో పాటు వంగాయి. అప్పటి కంప్యూటర్ల జ్ఞాపకశక్తి ఎంత ఇరుకో తలుచుకుంటే ఆ పొదుపు విలువ తెలుస్తుంది. గళ్ల సంఖ్య పెంచుకునే వీలు లేనివాళ్లు, ఉన్న గళ్లనే తీరానికి తగ్గట్టు మలిచారు. మరుసటి ఏడాది ఎ.డి. రావును కూడా కలుపుకొని అదే బృందం తీరరేఖను కదలనిచ్చింది. ఉప్పెన వస్తుంటే లెక్కలోని ఒడ్డు కూడా వెనక్కి జరుగుతూ పోయేటట్టు గణితం రాశారు. అంతకు ముందు చాలా నమూనాల్లో ఒడ్డు మీద నీరు ఎంత ఎత్తైనా ఎగబాకాలే తప్ప దాటలేని గోడ ఉండేది.

ముక్కోణాల పద్ధతిలో ఇంకో మెట్టు పైకెక్కిన నమూనా ఆడ్‌సర్క్. అమెరికాలో నార్త్ కరోలినాకు చెందిన రిక్ లూటిక్, నోట్రడామ్‌కు చెందిన యోహానెస్ వెస్టరింక్ 1990ల మొదట్లో దీన్ని తీర్చారు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, మన తీరానికి ఉప్పెన లెక్క కట్టేది దీనితోనే. ఒడ్డుకు వందల కిలోమీటర్ల దూరాన, బండరాళ్ల నగరంలో కూర్చుని బంగాళాఖాతానికి కాపలా కాయడం ఒక వేడుకే.

ముక్కోణాలతో ఒక పాత తలనొప్పి ఉండేది. నీటి నిల్వ సమీకరణాన్ని ఉన్నదున్నట్టు ముక్కోణాల మీద పెడితే, పక్క పక్క బిందువుల్లో మట్టం ఒకటి పైకి, ఒకటి కిందకి, మళ్లీ ఒకటి పైకి ఊగులాడేది. అది సముద్రంలో లేని అల, లెక్క తనకు తానే పుట్టించుకున్న చప్పుడు. దాన్ని అణచడానికి చాలామంది కృత్రిమమైన జిగట కలిపేవారు. ఊగులాట తగ్గేది, దానితో పాటు నిజమైన అల కూడా మొద్దుబారేది. 1979లో డేనియల్ లించ్, విలియం గ్రే వేరే దారి పట్టారు. నిల్వ సమీకరణాన్ని కదలిక సమీకరణంతో ముందే కలిపేసి, తరంగ సమీకరణంగా మార్చి, అప్పుడు ముక్కోణాల మీద పెట్టారు. చప్పుడు మూలంలోనే పోయింది. ఆడ్‌సర్క్ దాని సాధారణీకరించిన రూపాన్ని తీసుకుంది. అందులో ఒక చిన్న గుణకం ఉంటుంది. దాన్ని మరీ పెంచితే పాత ఊగులాట తిరిగొస్తుంది, మరీ తగ్గిస్తే కొన్ని చోట్ల నీటి నిల్వ లెక్క సరిపోదు. ఎక్కడ ఎంత పెట్టాలన్నది లోతును బట్టి, రాపిడిని బట్టి తేల్చుకోవాలి. సూత్రం పుస్తకంలో దొరుకుతుంది గానీ, ఈ గుణకం పెట్టడం మాత్రం చెయ్యి తిరిగినవాళ్ల పని.

కాలాన్ని కోయడం మరో పరీక్ష. లెక్క ఒక్కసారిగా రేపటికి దూకదు, అడుగులు వేసుకుంటూ వెళ్తుంది. ఒక అడుగులో నీటి కబురు, అంటే అలగా పాకే మట్టపు మార్పు, ఒక ముక్కోణాన్ని దాటిపోకూడదు, దాటితే లెక్క పేలిపోతుంది. మూడు వేల మీటర్ల లోతులో ఆ కబురు సెకనుకు 170 మీటర్ల వేగంతో పోతుంది, విమానం కంటే కొంత తక్కువ. పది మీటర్ల లోతులో సెకనుకు పది మీటర్లే. కాబట్టి లోతులో ముప్పై కిలోమీటర్ల ముక్కోణం మీద దాదాపు మూడు నిమిషాల అడుగు వేయవచ్చు. ఒడ్డున రెండు వందల మీటర్ల ముక్కోణం మీద ఇరవై సెకన్లే. కానీ అందరూ ఒకే గడియారంతో నడవాలి. ఎక్కడో ఒక ఉప్పుటేరు నోట్లో ముచ్చటపడి పెట్టిన ఒక్క బుల్లి ముక్కోణం, అండమాన్ దాకా ఉన్న ముక్కోణాలన్నిటినీ తన చిట్టి అడుగుతోనే నడిపిస్తుంది. తుపాను వస్తున్నప్పుడు లెక్క గంటల్లో తేలాలి. అందువల్ల ఎంత సన్నగా కోశారన్నది కాదు, ఎక్కడ కోయకుండా నిగ్రహించుకున్నారన్నది చూసి వల గీసినవాళ్లను మెచ్చుకోవాలి. సన్నని వలే మంచి వల అనుకునే కొత్త కుర్రాళ్ల పటాలు చూడగానే తెలిసిపోతాయి.

ఇక గాలి. తుపాను లోపల ప్రతి చోటా గాలిని కొలిచే సాధనం లేదు. భారత వాతావరణ శాఖ చెప్పేది కన్ను ఎక్కడుంది, ఎటు వెళ్తోంది, ఎంత బలంగా ఉంది అన్న కొద్దిపాటి అంకెలు. ఆ కొద్ది అంకెల నుంచి వందల కిలోమీటర్ల సుడినంతా అల్లడానికి సూత్రాలున్నాయి. గ్రెగ్ హాలండ్ 1980లో ఇచ్చినది వాటిలో బాగా వాడుకలో ఉంది. దాని తరవాత ఆ గాలి నీటిని ఎంత గట్టిగా పట్టుకుంటుందన్న ప్రశ్న వస్తుంది. గాలి పెరిగేకొద్దీ సముద్రం గరుకెక్కి పట్టు పెరుగుతూ పోతుందని చాలాకాలం లెక్కించారు. తుపానుల్లోకి విమానాల నుంచి జారవిడిచిన సాధనాల కొలతలు చూసి 2003లో మార్క్ పావెల్, ఇంకొందరు వేరే సంగతి చెప్పారు. గాలి సెకనుకు ముప్పై మూడు మీటర్లు దాటాక పట్టు పెరగడం ఆగిపోతుంది. నురగా తుంపరా కమ్మిన సముద్రం జారుడుగా తయారవుతుంది. అందుకే ఇప్పుడు నమూనాల్లో గాలి పట్టును చెప్పే గుణకానికి ఒక పైకప్పు వేస్తారు. ఇంత చిన్న మార్పు తీవ్ర తుపానులో ఒడ్డు మట్టాన్ని గణనీయంగా మార్చేస్తుంది.

నాకు అన్నిటికంటే ముచ్చటేసేది నీరు నేల ఎక్కే చోటు. ఆడ్‌సర్క్‌లో ముక్కోణపు మూడు మూలలూ తడిస్తేనే ఆ ముక్కోణం సముద్రం. ఒక్క మూల పొడిగా ఉన్నా అది నేలే. పొడి మూల తడవాలంటే పక్కన ఉన్న నీటికి దాన్ని చేరుకునేంత ఒత్తిడి, నేల రాపిడిని గెలిచేంత ఊపు ఉన్నాయో లేదో ముందు లెక్క చూస్తారు. ప్రతి అడుగులోనూ, అంచునున్న ప్రతి ముక్కోణాన్నీ ఇలా అడుగుతూ పోవాలి. రాపిడి కూడా అంతటా ఒకటి కాదు. ఇసుక అడుగుకు పెట్టే అంకె 0.02 దగ్గర ఉంటే, దట్టమైన మడ అడవికి దానికి ఐదారు రెట్లు పెడతారు. కరకట్ట అయితే ముక్కోణం కంటే సన్నగా ఉంటుంది, మామూలుగా గీస్తే కనపడకుండా పోతుంది. అందుకని గట్టు నెత్తి వెంటే బిందువులు పేర్చుకుంటూ పోవడమో, దాన్నొక నీళ్లు పొర్లే గోడగా విడిగా రాయడమో చేయాలి. గట్టును మరిచిన పటంలో నీరు హాయిగా ఊళ్లోకి నడిచిపోతుంది. గట్టును రాసి గండిని మరిచిన పటంలో ఊరు అన్యాయంగా పొడిగా ఉంటుంది.

దీనికి అడుగున మరో మౌనమైన చాకిరీ ఉంది. సముద్రపు లోతులు చెప్పే నావికుల పటాలు బాగా దిగువ పాటునీటి మట్టం నుంచి కొలుస్తాయి, ఓడ అడుగు తగలకూడదన్నదే వాటి చింత. నేల ఎత్తులు చెప్పే పటాలు సగటు సముద్రమట్టం నుంచి కొలుస్తాయి. ఈ రెండు సున్నాలూ ఒకటి కావు, వాటి మధ్య ఎడం కూడా ఊరూరికీ మారుతుంది. విశాఖలో అది మీటరు లోపే. పోటు పాటుల తేడా ఎక్కువగా ఉండే హుగ్లీ ముఖంలో మీటర్లలో ఉంటుంది. సరిచూడకుండా రెండు పటాల్నీ అతికిస్తే సరిగ్గా ఒడ్డు దగ్గరే, అంటే మనకు అసలు కావలసిన చోటే, దొంగమెట్టు పుడుతుంది. పైగా 2000లో అంతరిక్షం నుంచి రాడార్‌తో తీసిన ఎత్తుల పటం చెట్ల తలల్ని కూడా నేలగా చూస్తుంది. సముద్రమట్టానికి ఒకటి రెండు మీటర్ల ఎత్తులో ఉండే డెల్టా పొలాలకు అలాంటి పటం పనికిరాదు. విమానం నుంచి లేజరుతో కొలిచిన ఎత్తులు కావాలి. తీరానికి దగ్గరి లోతులను కూడా విడిగా దిద్దుకోవాల్సి వచ్చింది. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వాళ్లు 2007లో నావికుల పటాల సాయంతో హిందూ మహాసముద్రపు లోతు తక్కువ ప్రాంతాల అంకెల్ని సరిచేసి ఇచ్చారు. అంతవరకు దొరికే ప్రపంచ పటాల్లో తీరపు లోతులు నమ్మదగ్గవి కావు. ఇలాంటి పనులకు శాలువాలు కప్పరు.

పోటు పాటుల్ని, అలల్ని కూడా ఇదే లెక్కలో కలిపి నడపాలి. పోటు మీద ఉప్పెన వస్తే రెండు ఎత్తులూ కూడి చూస్తే చాలదు. నీటి లోతు మారగానే గాలి పనీ రాపిడీ రెండూ మారిపోతాయి. ఒడ్డున విరిగే అలలు తమ వంతు నీటిని ఇంకా పైకి నెడతాయి. 2013 అక్టోబరులో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్‌కు ఇన్‌కాయిస్‌కు చెందిన పి.ఎల్.ఎన్. మూర్తి, ఖరగ్‌పూర్ ఐఐటీకి చెందిన ప్రసాద్ భాస్కరన్, మరికొందరు ఆడ్‌సర్క్‌ను స్వాన్ అనే అలల నమూనాతో జోడించి నడిపి, మరుసటి ఏడాది ఆ వివరాలు ప్రచురించారు.

ఇంత చేసినా తుపాను మార్గం అంచనా తప్పితే లెక్క తప్పుతుంది. ఒకరోజు ముందు చెప్పే తీరం దాటే చోటులో ఇప్పటికీ కొన్ని పదుల కిలోమీటర్ల తేడా ఉండవచ్చు. చీరాల, దివిల సంగతి గుర్తున్నవాళ్లకు అదెంత తేడానో చెప్పనక్కర్లేదు. అమెరికా వాతావరణ సేవలో చెస్టర్ జెలెస్నియాన్‌స్కీ నాయకత్వంలో తయారైన స్లోష్ నమూనా దీనికి వినయమైన జవాబు చూపింది. వల ముతకదే, లెక్క చురుకైనది. ఒక తీరానికి రాగల తుపానులన్నిటినీ ముందుగానే నడిపి, ప్రతి చోటా వచ్చిన గరిష్ఠాన్ని పటంగా పెట్టుకుంటారు. ఊరు ఖాళీ చేయించే అధికారికి ఆ పటమే ఎక్కువ ఉపయోగం. ఒకే మార్గాన్ని బహు సన్నగా లెక్కించి రెండు దశాంశాల దాకా చెప్పేకంటే, పది మార్గాల్ని కొంచెం ముతకగా నడిపి ‘ఒకటి నుంచి రెండు మీటర్లు’ అనడమే నిజాయితీ అని నా అభిప్రాయం. హుద్‌హుద్‌కు ముందు ఉత్తరాంధ్ర జిల్లాలకు ఇచ్చిన హెచ్చరిక ఆ మాదిరిదే. సాధారణ పోటు మీద ఒకటి నుంచి రెండు మీటర్లు అన్నారు. కొలమానం 1.4 చూపింది.

అయితే విశాఖలో కొలమానం ఉంది, రేవులో ఉంది. 1977లో దివిసీమలో నీటిని కొలిచిన సాధనమేదీ లేదు. ఆ ఐదు మీటర్లు మిగిలిన గోడల మీద మరకలు, చెట్లకు పట్టుకున్న చెత్త, బతికినవాళ్ల మాటలు కలిపి తేల్చినవి. ఏ నమూనా దివిని సరిగ్గా కట్టిందని చెప్పుకున్నా ఆ మరకల ముందే నిలబడాలి. అందుకే తుపాను వెళ్లగానే లెక్క కట్టేవాళ్లలో కొందరు టేపులు, లెవెల్ యంత్రాలు పట్టుకుని తీరం బాట పడతారు. నీరు ఎంతదాకా వచ్చిందో గుర్తులు చెరిగిపోకముందే కొలవాలి. ఆ కొలతలతో పోల్చుకుని రాపిడి అంకెలు దిద్దుతారు, గట్లు మళ్లీ గీస్తారు, ఎక్కడో ఒక పాయ నోట్లో ముక్కోణాలు చెరిపి కొత్తవి వేస్తారు. ఈలోగా ఆ పాయ మొగను ఇసుక పూడ్చేస్తుంటుంది. పక్కన పొలాలు రొయ్యల చెరువులై కొత్త గట్లు లేస్తుంటాయి. వచ్చే అక్టోబరు లోపు వాటిని కూడా వల మీదకు ఎక్కించాలి.